విమానం వేళకు కర్నల్ గారి సన్మానం

ఊరికి ఫోను చెయ్యాలంటే కార్డు కొనుక్కుని బూత్ ముందు వరుసలో నిలబడవలసివచ్చిన ఆ రోజుల్లో, కువైట్‌లోని తెలుగువారికి శుక్రవారం నాడు రెండే వినోదాలుండేవి. ఒకటి బిర్యానీ, రెండవది సన్మానం. బిర్యానీకి డబ్బు కావాలి. సన్మానానికి మనిషి దొరికితే చాలు. డ్రైవింగు లైసెన్సు వచ్చినవాడికి అభినందన సన్మానం, సెలవు మీద ఊరికి పోయేవాడికి వీడ్కోలు సన్మానం, వాడే రెండు నెలల తరువాత తిరిగివస్తే స్వాగత సన్మానం (శాలువా కూడా తరచుగా అదే, పోయేటప్పుడు మా వద్దనే మరచిపోయేవాడు). పరదేశంలో మనిషికి యజమాని ఒక పేరు పెడతాడు, కాగితం ఇంకొక పేరు పెడుతుంది. వారానికొకసారైనా ఎవరో ఒకరు ‘మాన్యులు, వదాన్యులు’ అని పిలిస్తే ప్రాణం కుదుటపడేది కాబోలు. ఇప్పుడైతే అలా సానుభూతితో ఆలోచించగలుగుతున్నాను. అప్పుడు మాత్రం ఆ సన్మానపత్రాలన్నీ వ్రాసే పని నాది గనుక, లోకంలో సాహిత్యసేవ అంటే ఇదేనని గాఢంగా నమ్మేవాణ్ణి.

నా సంగతి కొంత చెప్పాలి. భాషాప్రవీణ పట్టా పుచ్చుకుని, తెలుగు పండితుడి ఉద్యోగం కోసం ఎదురుచూసి చూసి, చివరకు మా మేనమామ పుణ్యాన కువైట్ చేరి, ఒక విదేశీ సంస్థలో స్టోరు గుమాస్తానయ్యాను. యుద్ధం ముగిసి కొన్నేళ్లయినా ఎడారి ఇసుకలో మందుపాతరలు మిగిలే ఉండేవి. వాటిని వెలికితీయడం ఆ సంస్థ పని. ఆ పని చేసేవారికి చేతిజోళ్లు, బూట్లు, హద్దులు గుర్తుపెట్టే తెల్లటి టేపు చుట్టలు, నీళ్ల డబ్బాలు అందించడం నా పని. ప్రబంధాలు కంఠస్థం చేసిన నాలుకతో పగలంతా “రెండు జతల బూట్లు, నాలుగు చుట్టల టేపు” అని పలికి, సాయంత్రం ఖైతాన్‌లోని ఇరుకు గదికి చేరి, మంచం మీద బోర్లా పడుకుని పద్యాలు అల్లేవాణ్ణి. గదిలోని తక్కిన ఐదుగురూ నన్ను అపారంగా గౌరవించేవారు; అంటే, నేను పద్యం ఎత్తుకోగానే లేచి స్నానానికి వెళ్లేవారు.

మా తెలుగు సంఘానికి అధ్యక్షుడు కార్గో అన్న. కడప వైపు మనిషి. ఇక్కడివారు ఊళ్లకు పంపే పెట్టెలను ఓడకెక్కించే దుకాణం ఒకటి ఖైతాన్‌లో నడిపేవాడు. మంచివాడే, కాని మైకు పట్టుకుంటే ఆ మంచితనాన్ని మరచిపోయేవాడు. కోశాధికారిణి సిస్టరక్క. గోదావరి జిల్లా నుంచి వచ్చి, ఫర్వానియాలో ఒక వైద్యశాలలో నర్సుగా పనిచేసేది. సంఘంలో గడియారం చూసే అలవాటున్న ఏకైక వ్యక్తి ఆమె.

ఇక కథానాయకుడు మా కర్నల్ గారు. భారత సైన్యంలో ఇంజనీరు అధికారి. యౌవనమంతా సరిహద్దు కొండల్లో రోడ్లు వేస్తూ, వరదల్లో వంతెనలు కడుతూ గడిపి, విరమణ తరువాత మా సంస్థలో చేరి, ఆ మందుపాతరల పనికి పెద్దగా ఉండేవారు. తక్కువ మాట, ఎక్కువ నడక. ఆయన ముందు నడిచి టేపు కట్టించిన దారిలోనే మావాళ్లు అడుగు వేసేవారు. ఆయన పర్యవేక్షణలో ఒక్కడి కాలికి ముల్లు గుచ్చుకున్నదన్న మాట నా చెవిన పడలేదు. నన్ను “పండిట్” అని పిలిచేవారు. అరవయ్యేళ్లు నిండుతున్నాయని ఇక ఆ ఉద్యోగం కూడా చాలించి, శాశ్వతంగా ఇంటికి పోతున్నారన్న వార్త ఆయన ప్రయాణానికి వారం ముందు నేనే పొరపాటున కార్గో అన్న చెవిన వేశాను.

“ఏందబ్బీ, మిలిటరీ కర్నలు, అదీ మన తెలుగోడు, నాలుగేండ్ల నుంచి ఈడనే ఉండాడా? నాకొక్కరూ చెప్పలేదే?” అన్నాడు కార్గో అన్న, కన్నతండ్రి ఆస్తి దాచిపెట్టినట్టు బాధపడుతూ. “సన్మానం జేయకుండా పంపిస్తే మనల్ని మనుషులంటారా?”

కర్నల్ గారు మొదట వద్దే వద్దన్నారు. కాని ఎడారి క్యాంపులో పనిచేసే కడప కుర్రవాళ్లు “సార్, మీకు దండేసి పంపాలని మాకుంది” అనేసరికి మెత్తబడి, ఒక షరతు మీద ఒప్పుకున్నారు. శుక్రవారం ఉదయం పది గంటలకు మొదలు, పదకొండుకు సమాప్తం. ఆనాటి సాయంత్రమే ఆయన విమానం. రెండు గంటలకల్లా విమానాశ్రయంలో ఉండాలి. అది తప్పితే మళ్లీ ఆదివారం గాని లేదు. ఆదివారం తెల్లవారుజామున అక్కడ, స్వగృహంలో, ఆయన షష్టిపూర్తి ముహూర్తం.

“ముహూర్తం సంగతి నీకొక్కడికే చెబుతున్నా, పండిట్,” అన్నారు నాతో స్టోరులో, బూట్లు అప్పగిస్తూ. “మా పెళ్లి నాడు వరదలొచ్చి, వంతెన వేసేదాకా సెలవు ఇవ్వలేదు. నేను వెళ్లేసరికి ముహూర్తం దాటిపోయింది, వంటవాళ్లు పాత్రలు కడుగుతున్నారు. పంతులుగారిని బతిమాలి మరునాడు ఇంకో ముహూర్తం పెట్టించారు. మా ఆవిడ దృష్టిలో నేను ఈనాటికీ ఆలస్యంగా వచ్చిన పెళ్లికొడుకునే. రెండోసారి తాళి కట్టడానికి కూడా ఆలస్యమైతే, ఇక నేను ఇక్కడి మందుపాతరల మధ్యనే కాపురం పెట్టుకోవాలి.”

నేను నవ్వి, ధైర్యం చెప్పాను. చెప్పి, గదికి పోయి, ఆయన మీద ఒక సీసమాలిక ప్రారంభించాను. అది రోజురోజుకూ పెరిగింది. ఇంజనీరు గదా అని విశ్వకర్మతో మొదలుపెట్టి, సేతువు కట్టిన నలుడి మీదుగా నడిపించి, మయుడి దగ్గర కాస్త విశ్రమించి, వారం తిరిగేసరికి నిలువుగా పట్టుకుంటే మోకాళ్ల దాకా వచ్చే కాగితమైంది. అది చదవడానికి ఎంతసేపు పడుతుందన్న ప్రశ్న నాకు తట్టలేదు. కావ్యాన్ని గడియారంతో కొలవడం అనాగరికమని నా అభిప్రాయం.

శుక్రవారం వచ్చింది. ఫర్వానియాలో ఒక భోజనశాల కింది అంతస్తు మాకు సభామందిరం. విమానాశ్రయం అక్కడికి కూతవేటు దూరం. విమానాలు మా నెత్తిమీదుగానే పోయేవి. సరిగ్గా పది గంటలకు కర్నల్ గారు పెట్టె పట్టుకుని వచ్చి, తాళం వేసి ఉన్న తలుపు ముందు నిలబడ్డారు. తాళం చెవి గల కార్గో అన్న పదకొండున్నరకు వచ్చాడు. జనం అప్పటికీ రాలేదు. వారి తప్పు కాదు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు ‘మామా’కు, అంటే ఇంటి యజమానురాలికి, మధ్యాహ్న భోజనం అమర్చిగాని కదలలేరు; డ్రైవర్లు యజమానిని ప్రార్థనకు తీసుకుపోయి, తిరిగి ఇంట దింపిగాని రాలేరు. మా సంఘం సభలన్నీ పది గంటలకని ప్రకటించడం, పన్నెండున్నరకు మొదలుపెట్టడం మర్యాద. ఆ మర్యాద తెలియని వ్యక్తి సభలో సన్మానితుడొక్కడే.

ఆపైన మా సంఘానికి ఒక సంప్రదాయం ఉండేది. సన్మానం చేసే పెద్దలను సన్మానించకుండా ముందుకు పోరాదు. కాబట్టి వేదిక మీది పెద్దలకు ముందుగా శాలువాలు. వారికి శాలువాలు కప్పిన పెద్దలు కింద మిగిలిపోయారు గనుక, వారిని పైకి పిలిచి, వారికి శాలువాలు. ఇంత శ్రమపడిన సభానిర్వాహకుడు అలుగుతాడేమోనని వాడికొకటి. కర్నల్ గారు వెన్ను నిటారుగా పెట్టి, చేతులు మోకాళ్ల మీద ఉంచి, వరుసలో తన వంతు కోసం వేచి ఉన్న సైనికుడిలా ఇదంతా చూస్తున్నారు. చివరకు ఆయన వంతు వచ్చింది. ఒక్క శాలువాతో పోలేదు. సంఘం తరఫున ఒకటి, కడప వారిది వేరు, రాజంపేట వారిది వేరు (ఆ రెండు వర్గాలకూ మాటలు లేవు), గోదావరి వారిది, తెలంగాణ వారిది, క్రైస్తవ ప్రార్థన బృందం వారిది. కువైట్ ఎండాకాలం. చల్లని గాలి యంత్రం కూడా ఆనాటి సభలాగే పెద్దగా చప్పుడు చేస్తూ ఏ పనీ చెయ్యడం లేదు. ఆరు శాలువాల కింద ఆయన ముఖం ఎర్రబడింది గాని, వెన్ను వంగలేదు.

తరువాత ఉపన్యాసాలు. మొదటి వక్త తాను కువైట్ వచ్చిన కొత్తలో వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్, తనను ఎలా మెచ్చుకున్నాడో వివరించాడు. రెండవ వక్త తన తమ్ముణ్ణి సైన్యంలోకి తీసుకోకపోవడం దేశానికి ఎంత నష్టమో విశదం చేశాడు. సన్మానితుడి పేరు ఇద్దరూ ఎత్తలేదు. ఎత్తినట్లయితే తప్పు పలికేవారేమో, అదీ ఒక అదృష్టమే. మధ్యమధ్య ఒక విమానం పైనుంచి గర్జిస్తూ పోయేది. వక్త ఆగేవాడు. కర్నల్ గారి చూపు పైకప్పు మీదికి పోయేది. విమానం చప్పుడు తగ్గగానే వక్త, ఎక్కడ ఆపాడో మరచిపోయి, మొదటినుంచి ఎత్తుకునేవాడు.

ఒంటిగంట దాటాక కార్గో అన్న మైకు అందుకున్నాడు.

“ఈ మహానుభావుడు యుద్ధంలో శత్రువుల తలకాయలు వేలకు వేలు నరికినాడు. ఆ చేతులకు మనం దండం పెట్టుకోవాల.”

పక్కనే నిలబడ్డ నాతో కర్నల్ గారు, పెదవులు కదపకుండా, “నేను ఇంజనీరును, పండిట్. నేను నరికించినవి చెట్లు,” అన్నారు. వెంటనే, “టైమెంత?” అన్నారు.

చెప్పాను. “లేచిపోండి సార్,” అన్నాను మెల్లగా.

“పిలిచినవాళ్లు లెమ్మనకుండా లేవకూడదు. అది మా పద్ధతి.”

వారి పద్ధతి అది. అతిథిని లెమ్మనడం అమర్యాద. అది మా పద్ధతి. ఈ రెండు పద్ధతుల నడుమ, ఊళ్లో పట్టుచీర సిద్ధం చేసుకుని కూర్చున్న ఒక ఇల్లాలి రెండవ ముహూర్తం నలిగిపోతున్నది. కార్గో అన్న ఇంకా లంకాదహనం దగ్గరే ఉన్నాడు. ఆ తరువాత మరి కొందరు పెద్దలు, ఆపైన నా సీసమాలిక, చివర వందన సమర్పణ. నా చేతిలోని కాగితం చుట్ట మొట్టమొదటిసారి నాకు బరువుగా తోచింది.

సిస్టరక్క నా దగ్గరికి వచ్చి, “తమ్ముడూ, ఎన్నింటికండీ ఆయన అక్కడ ఉండాల్సింది?” అంది.

“రెండింటికి.”

“మరి ఇలా చూస్తా నిలబడతారేంటండీ? ఆయన మొహం చూశారా? బీపీ చూసేదాన్ని, నాకు తెలుస్తదండి.” షష్టిపూర్తి సంగతి గబగబా చెప్పాను. ఆమె కళ్లు పెద్దవి చేసి, “పెళ్లాం దగ్గరికి వెళ్లేవోణ్ణి కూర్చోబెట్టి శాలువాలు కప్పుతున్నారా, బాగుందండీ మీ సాహిత్యం,” అని తిన్నగా వేదికెక్కి, కార్గో అన్న శ్వాస తీసుకునే సందులో మైకు పుచ్చుకుంది.

“అన్నగారు ఎంతో బాగా చెప్పారండి. ఇప్పుడు ఊరేగింపండి.”

కార్గో అన్న ముఖం పాలిపోయింది. “ఊరేగింపేందమ్మా? ఇంకా పెద్దోళ్లు మాట్లాడాల. నేను గూడా సగమే జెప్పినా.”

“ఊరేగింపు లేని సన్మానమేంటన్నా?” అంది సిస్టరక్క, మైకుకు చెయ్యడ్డం పెట్టకుండానే. “మొన్న అవతలి సంఘం వాళ్లు చేశారంటండి, నాలుగు బళ్లతో. మనం చెయ్యకపోతే ఏమనుకుంటారు? మన కర్నలు గారిని మనమే ఊరేగించి విమానమెక్కించాలండి. మిగతా ఉపన్యాసాలు బండిలో.”

మాకు పోటీగా వెలసిన ఆ అవతలి సంఘం నాలుగు బళ్లతో ఊరేగించినట్టు నేను ఎన్నడూ వినలేదు. సిస్టరక్క కూడా విని ఉండదని ఇప్పటికీ నా నమ్మకం. కాని అవతలి సంఘం అన్న మాట చెవిన పడ్డాక తెలుగువాడు కూర్చోలేడు. కార్గో అన్న శాలువా భుజాన సవరించుకుని, “నాలుగేంది, మనం ఆరు పెడదాం. డప్పులు మాత్రం వద్దప్పా, పోలీసోళ్లు పట్టుకుంటే ఈడ ఉండనిచ్చే ఇఖామా కాగితం ఖలాస్. యల్లా, పదండి,” అన్నాడు. సభ మొత్తం లేచింది. పిలిచినవాళ్లే లెమ్మన్నారు గనుక కర్నల్ గారూ లేచారు; ఆ లేవడంలో ముప్పైయేళ్ల కవాతు కనిపించింది.

మొదటి బండి మా క్యాంపు వ్యాను. దాన్ని నడిపేది కడప డ్రైవర్ మామ. ముందు సీట్లో దండలతో, శాలువాలతో కర్నల్ గారు. వెనుక కార్గో అన్న, సిస్టరక్క, కాగితం చుట్టతో నేను. విమానాశ్రయానికి కుడివైపు తిరగాలి. కార్గో అన్న డ్రైవర్ మామ భుజం తట్టాడు.

“మామా, ఎడమకు తిప్పు. ఖైతాన్ మీదుగా పోదాం. మన దుకాణం ముందర ఒక్క రవ్వ నిలబెడితే అందరూ చూస్తారు.”

“టైము లేదన్నా.”

“నేను జెప్తాండా గదా. ఎవరు అధ్యక్షుడు?”

డ్రైవర్ మామ అద్దంలో కార్గో అన్నను చూశాడు. “నాలుగేండ్లు ఆ ఇసకలో ఈ సారు చెప్పిన తావుననే కాలు పెట్టినా. అందుకే నాకింకా రెండు కాళ్లుండాయి. సారు ఎడమకంటే ఎడమ, కుడికంటే కుడి. నువ్వు జెప్తే బండి తిరగదన్నా.”

అందరం కర్నల్ గారి వైపు చూశాం. దండల మధ్యనుంచి ఒకే మాట వచ్చింది. “కుడి.”

బండి కుడికి తిరిగింది. వెనుక వస్తున్న ఐదు బళ్లలో రెండు, అధ్యక్షుడి అభీష్టం ముందే తెలిసినవి కాబట్టి, ఖైతాన్ వైపు ఊరేగుతూ వెళ్లిపోయాయి. ఆ తరువాత అవి ఏమయ్యాయో, ఎవరిని ఊరేగించాయో సంఘం చరిత్రలో నమోదు కాలేదు.

ఎర్ర దీపం దగ్గర బండి ఆగింది. అలిగి కూర్చున్న కార్గో అన్నను ఊరడించడానికి కాబోలు, కర్నల్ గారు వెనక్కి తిరిగారు. “మీరు ఇందాక తలకాయలన్నారు, అధ్యక్షులుగారూ. మా పని అది కాదు. నది దగ్గరికి అందరికన్నా ముందు వెళ్తాం, వంతెన వేస్తాం. సైన్యమంతా దాటిపోతుంది. అప్పుడు మేమే ఆ వంతెన విప్పి, లారీలకెక్కించి, ఇంకో నది దగ్గరికి. ఫొటో దిగుదామంటే అక్కడ వంతెన ఉండదు. ఇక్కడా అంతే. మందుపాతర తీశాక అక్కడేముంటుంది? ఉత్త ఇసుక. మీరు ఇవాళ ఇంతమంది వచ్చి దండ వేస్తే నాకు కొంచెం...” అంటూనే ముందుకు తిరిగి, “పచ్చ దీపం పడింది,” అన్నారు. కార్గో అన్న భుజాన ఉన్న శాలువా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అంతటి మనిషి నోట విమానాశ్రయం దాకా మళ్లీ ఒక్క ఉపన్యాసం వెలువడలేదు.

చేరేసరికి రెండు దాటింది. పెట్టె అప్పటికే నిండుగా ఉన్నందున శాలువాలు అందులో పట్టలేదు. “కార్గోలో పంపిస్తాలే సార్,” అన్నాడు కార్గో అన్న. కర్నల్ గారు ఆ దుకాణం ఖ్యాతి విన్నవారే కాబోలు, “వద్దు, వద్దు, వేసుకునే వెళ్తాను,” అని ఆరింటినీ భుజాన మోసుకుంటూ తలుపు వైపు నడిచారు. తలుపు దగ్గర ఆగి, నా చేతిలోని చుట్ట చూశారు.

“పండిట్, నీది మిగిలిపోయింది కదా. ఒక నిమిషం ఉంది. చదువు.”

విప్పబోయాను. విశ్వకర్మ కనబడ్డాడు. నలుడి దాకా చేరడానికే ఒక నిమిషం చాలదు. సిస్టరక్క గడియారం చూసుకుంటున్నది. చుట్ట చంకన పెట్టి, ఎర్ర దీపం దగ్గర విన్న మాటలనే పట్టుకుని, నోటికి వచ్చిన తేటగీతి ఒకటి చెప్పాను.

దారి లేనట్టి చోటను దారి వేసి
తాను కట్టిన వంతెన తానె విప్పి
పేరు చెప్పక సాగెడు పెద్దవాడ!
వేళ మించక యింటికి వెడలుమయ్య!

కర్నల్ గారు శ్రద్ధగా విన్నారు. “చివరి పాదం బాగుంది, పండిట్. పొద్దుటినుంచి నాకు ఎవరూ ఇవ్వని ఆర్డరు అది,” అని, శాలువాల కిందనుంచి చెయ్యి ఎలాగో బయటికి లాగి, సెల్యూట్ చేసి లోపలికి వెళ్లిపోయారు. డ్రైవర్ మామ పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. కార్గో అన్న ఫొటో తీయించడం మరచిపోయాడు; అతని ప్రజాజీవితంలో అటువంటి ప్రమాదం అదొక్కటే.

ఆదివారం సాయంత్రం నేనూ సిస్టరక్కా కార్డు కొని, బూత్ ముందు నిలబడి, కర్నల్ గారి ఇంటికి ఫోను చేశాం. ఆయన భార్య ఎత్తారు. వెనుక పెళ్లివారి సందడి వినిపిస్తున్నది.

“వచ్చారమ్మా, సమయానికి?” అని సిస్టరక్క అడిగింది. నేను ఆమె చెవి పక్కన చెవి పెట్టి వింటున్నాను.

“రావడమా తల్లీ! పంతులుగారి కంటే ముందొచ్చి కూర్చున్నారు. శాలువాలతో చూసి ఎవరో స్వాములవారనుకున్నాను,” అన్నారావిడ. తరువాత గొంతు తగ్గించి, “ఇంక మొదటిసారి మాట ఎత్తనని మాటిచ్చాను లెండి,” అన్నారు.

ఇదంతా జరిగి చాలా కాలమైంది. నేను ఊరికి తిరిగివచ్చి తెలుగు పండితుణ్ణయ్యాను, పదవీ విరమణ చేశాను, నాకూ కొన్ని శాలువాలు కప్పారు. ఆనాటి సీసమాలికను మాత్రం ఏ సభలోనూ చదవలేదు. వినవలసిన ఒక్క మనిషి విమానమెక్కి వెళ్లిపోయాక దానికి శ్రోత లేడు. అప్పుడప్పుడు పాత పెట్టె సర్దేటప్పుడు అది చేతికి వస్తుంది. విశ్వకర్మ నుంచి మయుడి దాకా ఒకసారి లోలోపల చదువుకుని, ఇరవై చిల్లర ఏళ్ల వయసున్న ఆ కవిగారికి నా తరఫున ఒక చిన్న నమస్కారం పెట్టి, చుట్టచుట్టి యథాస్థానంలో ఉంచుతాను. ఎవ్వరూ వినలేదు గనుక, పద్యాలు ఇప్పటికీ చాలా బాగున్నాయి.